గులాబీ పురుగుకు పెట్టిన ఎర

ఉద్యాన శాఖలో ముప్పై రెండేళ్ళు పనిచేసి, రెండేళ్ళ కిందట విజయనగరంలో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు ఫోను మోగితే గుండె ఉలిక్కిపడదు. మా అమ్మాయో, కూరగాయలబ్బాయో అనుకుని తీరిగ్గా లేచి వెళ్తాను. ఈ నెమ్మది విలువ మీకు ఇప్పుడు తెలియదు. మీరింకా ఈ శాఖలో కొత్తగా చేరబోతున్నారు.

మా శాఖ అంటే జీడిమామిడి, కొబ్బరి, అరటి అనుకుంటారు. నిజమే, జీతం ఇచ్చేది వాటి కోసమే. జీడితోటకు తెగులు వస్తే రైతు నలుగురిని వెంటబెట్టుకుని, పద్ధతిగా దరఖాస్తు పట్టుకుని వస్తాడు. పెరట్లో గులాబీకి పురుగు పడితే మాత్రం ఇంటావిడ ఒక్కతే వస్తుంది. ఆకును పాలిథిన్ కవర్లో పెట్టి, బస్సులో నలిగిపోకుండా ఒళ్ళో పెట్టుకుని తెస్తుంది. మన బల్ల మీద పెట్టి మన మొహంలోకి చూస్తుంది. ఆ చూపుకు ఏదో ఒక మందు పేరు చెప్పి పంపేయాలనిపిస్తుంది. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ప్రమాదమైన క్షణం అదే.

నా పదోన్నతుల సంగతి మీకు పనికిరాదు. నేను చేసిన తప్పులు పనికొస్తాయి. వాటిలో రెండు చెబుతాను. రెండూ గులాబీ ఆకుల దగ్గరే జరిగాయి. ఒకటి ఉద్యోగంలో చేరిన ఆరో నెలలో, రెండోది దిగిపోయే ముందు ఏడాదిలో.

రాజాంలో ఒక మేడ మీద

నా మొదటి పై అధికారి అప్పలస్వామి గారు. దురుసు మనిషి. సంతకం కావాలంటే వారం తిప్పేవారు. ఆడపిల్లను ఫీల్డుకు పంపి ఏం లాభమని నా ఎదురుగానే అన్నారు. ఆ మాట నేనింకా క్షమించలేదు. కానీ మొక్క ముందు నిలబడ్డప్పుడు ఆయనంత ఓపిక ఉన్న మనిషిని మళ్ళీ చూడలేదు.

రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే ఇంటివాళ్ళ కోడలు ఒకావిడ, మేడ మీద ముప్పై కుండీల్లో గులాబీలు పెంచేది. ఒకరోజు ఆకులు తెచ్చింది. అంచుల్లో అర్ధచంద్రాకారంగా, కత్తెరతో కోసినంత శుభ్రంగా కోతలున్నాయి. కాలేజీలో చదివింది గుర్తు చేసుకుని, ఆకుతినే పురుగు అని తేల్చి, మందు పేరు కాగితం మీద రాసిచ్చాను. ఆవిడ మూడు వారాలు శ్రద్ధగా కొట్టింది. చిగుళ్ళు మాడిపోయాయి. కోతలు ఆగలేదు. నాలుగో వారం ఆవిడ నా బల్ల దాటి తిన్నగా అప్పలస్వామి గారి గదిలోకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున్న ఆయన నన్ను ఆ మేడ మీదికి తీసుకెళ్ళారు. గొడుగు తెరిచి, ఒక కుండీ పక్కన పీట వేయించుకుని కూర్చున్నారు. నేను ఏదో చెప్పబోతే, "మాటాడకు, సూడు" అన్నారు. ముప్పావుగంట అలాగే కూర్చున్నాం. ఎండ ముదిరాక తేనెటీగ లాంటిది ఒకటి వచ్చి ఆకు అంచున వాలింది. గుండ్రంగా ఒక్క చుట్టు తిరిగింది. ఆకు ముక్క తెగింది. దాన్ని కాళ్ళతో పట్టుకుని ఎగిరిపోయింది.

"సూసినావా? పురుగు కాదు, ఈగ. ఆకు తినడం లేదు. గూట్లో పిల్లలకి పక్క ఏసుకుంటన్నాది."

"మరి దీనికి ఏం మందు కొట్టాలండీ?" అని అడిగింది ఇంటావిడ.

"ఏటీ కొట్టకమ్మా. కాసిన్ని ఆకులు దానికి ఒదిలీ. నీ పువ్వులకి ఏటీ తక్కువ అవదు."

మెట్లు దిగుతూ నాతో అన్నారు. "ఆకు తెచ్చినోళ్ళకి మందు సెప్పకు. మొక్క కాడికెళ్ళి సెప్పు."

ఆ మాట ముప్పై ఏళ్ళు తప్పలేదు. పురుగు తిన్న ఆకుకు అంచు కొరికినట్టు గరుకుగా ఉంటుందని, కింద నేల మీద గసగసాల్లాంటి నల్లటి రెట్ట రాలి ఉంటుందని, ఇవన్నీ మొక్క దగ్గర నిలబడే నేర్చుకున్నాను. తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి.

ఫోటో చూసి చెప్పిన వైద్యం

భోగాపురం దగ్గర విమానాశ్రయానికి స్థలం ఇచ్చేసి, కొత్తగా కట్టిన కాలనీకి మారిన కుటుంబాల్లో సత్యవతి వాళ్ళది ఒకటి. కొబ్బరి మొక్కలు పంచడానికి ఒకసారి ఆ కాలనీకి వెళ్ళినప్పుడు పరిచయమైంది. నలభై ఏళ్ళుంటాయి. భర్త రమణ లారీ డ్రైవరు. మామగారు అప్పలనాయుడికి కళ్ళు దాదాపు కనపడవు. వెలుగు, నీడ మాత్రం తెలుస్తాయి.

పాత ఇల్లు వదిలేటప్పుడు అందరూ తలుపులు, కిటికీలు విప్పి తెచ్చుకున్నారు. సత్యవతి వాటితో పాటు పదిహేను గులాబీ దుబ్బుల్ని వేళ్ళతో సహా తవ్వి, గోనె సంచుల్లో కట్టి తెచ్చింది. నాటు గులాబీలు. చనిపోయిన అత్తగారు వేసినవి. సగం చచ్చిపోతాయనుకున్నారట. అన్నీ బతికాయి. ముసలాయన రోజూ పొద్దున్నే వాటి మధ్యకు వెళ్ళి, ఒక్కో మొక్కనూ చేత్తో తడిమి వచ్చేవాడు.

ఒక మంగళవారం నేను జీపులో పార్వతీపురం వైపు వెళ్తున్నాను. సత్యవతి దగ్గర్నుంచి వాట్సాప్‌లో రెండు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో ఈనెలు మాత్రమే మిగిలిన గులాబీ కొమ్మ. రెండోదాంట్లో ఆమె అరచేతిలో వేలంత లావున్న పురుగు. వెంటనే ఫోను చేసింది.

"మేడం, మొక్కలు పుల్లలైపోతన్నాయి. పగలు సూస్తే ఒక్క పురుగూ కనబడదు. తెల్లారితే ఇంకో మొక్క ఖాళీ. ఏటి సెయ్యమంటారు?"

పురుగును చూడగానే గుర్తుపట్టాను. పొగాకు లద్దెపురుగు. పగలు మొక్క మొదట్లో మట్టిలో దాక్కుని, చీకటి పడ్డాక పైకెక్కి తింటుంది. అంత ముదిరాక పైన మందు కొట్టినా లొంగదు. పొలంలో అయితే దీనికి విషపు ఎర పెట్టిస్తాం. తవుడులో బెల్లం నీళ్ళు పోసి, పురుగుల మందు కలిపి, ఉండలు చేసి సాయంత్రం మొక్కల మొదళ్ళలో వేస్తే, తీపి వాసనకు వచ్చి తిని చస్తుంది. ఆమె ఫోను పెట్టేశాక, ఇదంతా మందు పేరుతో సహా గొంతు సందేశంగా రికార్డు చేసి పంపించాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. పని చక్కబెట్టేశానన్న తృప్తితో ఫోను బ్యాగులో వేసుకున్నాను.

నేను చెప్పింది పుస్తకం ప్రకారం తప్పు కాదు. కానీ అది పొలం కాదు, పెరడు. ఆ పెరట్లో ఇంకేమున్నాయని అడగలేదు. చూపు లేని మనిషి చేత్తో తడుముకుంటూ తిరుగుతాడని నాకు తెలుసు. ఆ ఇంట్లో టీ తాగుతూ నా కళ్ళతో చూశాను. అయినా ఆ నిమిషంలో గుర్తు రాలేదు. ఫోటోలో ఆకు ఉంది, పురుగు ఉంది, ఆయన లేడు.

ఆసుపత్రి బెంచీ

బుధవారం మధ్యాహ్నం మూడు దాటాక రమణ ఫోను చేశాడు.

"మేడం, మీరు సెప్పిన ఉండలు మా అయ్య తినేసినాడు."

"ఎన్ని?"

"తెల్దు మేడం. నానిప్పుడే డూటీ దిగి ఒచ్చాను. పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. రెండో మూడో తినీసినాడు. నువ్వుండలనుకున్నాడంట."

"మందు కలిపారా?"

"మందు నిన్న నానే తెచ్చాను. ఇప్పుడు సీసా గూట్లో లేదు. సత్తెవతి ఇంటికాడ లేదు. ఫోన్ సేస్తే వంటింట్లో మోగుతన్నాది. ఇక్కడే ఒదిలేసి ఎల్లిపోనాది."

వాంతి చేయించడానికి ప్రయత్నించొద్దని, ఆలస్యం చేయకుండా విజయనగరం తీసుకొచ్చేయమని చెప్పాను. కాలనీలో ఎవరిదో కారు దొరికింది. వాళ్ళకన్నా ముందే నేను ఆసుపత్రికి చేరి, గేటు దగ్గర నిలబడ్డాను. అప్పటికి ముప్పై ఏళ్ళకు పైగా రైతుల చేత ఎన్నో మందులు కొట్టించాను. ఏ మందు మనిషిని ఏం చేస్తుందో నాకు తెలుసు. ఆ అరగంటలో నాకు తెలిసినదంతా నాకే శత్రువైంది.

ముసలాయన కారు దిగి, రమణ భుజం పట్టుకుని నడిచే వచ్చాడు. డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. కళ్ళలో లైటు వేసి చూసింది. చెమట పడుతోందా, నోట్లో నీళ్ళూరుతున్నాయా, చూపు మసకగా ఉందా అని అడిగింది.

"సూపు మసకేసి పదేళ్ళైనాది తల్లీ" అన్నాడాయన.

ఏ మందు కలిపారని డాక్టరు అడిగింది. రమణ నా వైపు చూశాడు. నేనే చెప్పాను. "మీకెలా తెలుసు?" అంది. "కలపమని చెప్పింది నేనే" అన్నాను. ఆమె ఆ పేరు చీటీ మీద రాసుకుని పనిలో పడింది. సెలైన్ పెట్టి, గంట గంటకూ చూడాలని, సీసా దొరికితే వెంటనే తెమ్మని చెప్పింది.

బయట బెంచీ మీద రమణ, నేను కూర్చున్నాం. కాసేపటికి రమణ లేచి వెళ్ళాడు. సీసాతో నీళ్ళు తెచ్చి, "తాగండి మేడం, ఎండన పడి ఒచ్చినారు" అన్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఇంకొకటి కూడా రాయాలి, రాయకపోతే ఈ కాగితాలకు అర్థం లేదు. ఆ బెంచీ మీద కూర్చుని ఫోను తీశాను. ముందురోజు పంపిన గొంతు సందేశం మీద వేలు పెట్టాను. తొలగించు అన్న మాట వచ్చింది. వేలు అక్కడే ఆగింది. తీసేయలేదు. ధర్మం గుర్తొచ్చి కాదు. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చి, పెద్దాయన టీ అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా అని డాక్టర్ని వెతకసాగింది. ఆ మాట విని ఫోను మూసేశాను. నర్సు రాకపోతే ఏం చేసేదాన్నో ఈరోజుకీ నాకు తెలియదు.

లోపలికి వెళ్ళాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఎలా ఉంది నాయుడుగారూ?"

"నాకేటైనాదని ఇంతమంది ఒచ్చినారు? రెండుండలు తిన్నాను. అదీ బాగులేదు. బెల్లం తక్కువేసినాది. నూపప్పు అసలే లేదు."

నవ్వు రాలేదు నాకు. ఆయన చేతులు వణుకుతున్నాయేమోనని చూస్తూ నిలబడ్డాను.

అయిదు దాటాక, నేను మళ్ళీ బయట బెంచీ దగ్గరికి వచ్చేసరికి, సత్యవతి ఆటో దిగి పరుగున వచ్చింది. ఇంటికి చేరేసరికి పక్కింటివాళ్ళు చెప్పారట. మొహమంతా చెమట, చంకలో గుడ్డ సంచి. నన్ను చూసి ఆగింది.

"మావకి ఏటీ అవదు మేడం. అందులో మందు లేదు."

సంచిలోంచి సీసా తీసి నా చేతిలో పెట్టింది. మూత మీద సీలు అలాగే ఉంది.

"ఇది తిరిగిచ్చీడానికే భోగాపురం ఎల్లాను. షాపాయన బోయినానికి ఎల్లిపోనాడంటే కూకున్నాను. రాలేదు."

"మరి ఉండలు?"

"ఉత్తి తవుడు, బెల్లం. మా ఇంట్లో కోళ్ళున్నాయి కదా మేడం. మావ సూడకుండా సెయ్యెట్టీస్తాడు. మందు కలపడానికి మనసొప్పలేదు. తీపికి పురుగులొస్తాయని మీరు సెప్పినారు కదా. ఒస్తే సందేళ బ్యాటరీ లైటేసి ఏరీవచ్చు అనుకున్నాను."

బెంచీ మీద కూర్చున్నాను. సీసాను తిప్పి తిప్పి చూశాను. డాక్టరు వచ్చి తనూ సీలు చూసింది, సెలైన్ తీయించింది, అయినా చీకటి పడేదాకా ఉంచి పంపుతానంది. రమణ పెళ్ళాం మీద గట్టిగా అరిచాడు. "సెప్పీసి ఎల్లొచ్చు కదే." "నువ్వుంటే కదా సెప్పడానికి" అంది ఆమె. లోపలినుంచి ముసలాయన, "ఒసే సత్తెవతీ, ఆళ్ళు టీ ఇవ్వడం లేదు" అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు నవ్వు. ఆపుకుందామన్నా ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

మర్నాడు పెరట్లో

గురువారం పొద్దున్న ఆరున్నరకే ఆ కాలనీలో ఉన్నాను. మొదట వెళ్ళాల్సిన చోటికి రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళాను.

ఆకులు తిప్పి చూస్తే అసలు సంగతి తెలిసింది. పెద్ద పురుగులు ఉన్నది నిజమే. కానీ చిగురు ఆకుల అడుగున, గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల కుప్పలు ఉన్నాయి. కొన్ని ఆకుల మీద అప్పుడే పుట్టిన పిల్ల పురుగులు గుంపులుగా చేరి పచ్చదనం గీకి తింటున్నాయి. ఆ ఆకులు జల్లెడలా పారదర్శకంగా కనిపిస్తాయి. నేను చెప్పిన విషంతో ఈరోజు పెద్దవి చచ్చినా, పదిరోజుల్లో ఇవి పెద్దవయ్యేవి. అంటే నా వైద్యం ప్రమాదమే కాదు, సగం వైద్యం కూడా.

మొక్కల మొదళ్ళలో రెండంగుళాల లోతు మట్టిని పుల్లతో గీకాం. చుట్టచుట్టుకుని పడుకున్న పురుగులు బయటపడ్డాయి. సత్యవతి గంప ఎత్తి కోళ్ళను వదిలింది. వాటి సంబరం చెప్పలేను. ముందురోజు సాయంత్రం పెట్టాల్సిన ఉండల్లో మిగిలినవి ఆమె రాత్రే పెట్టేసింది. వాటి కింద కూడా అయిదారు పురుగులు నక్కి ఉన్నాయి. ఆమె ఉపాయం పనిచేసింది.

జల్లెడాకుల్ని కోసి సబ్బునీళ్ళ బకెట్లో వేశాం. చిన్న పురుగులకు వారానికోసారి వేపగింజల కషాయం సాయంత్రం పూట కొట్టమన్నాను. గట్టు వెంబడి నాలుగు ఆముదం మొక్కలు వేయమన్నాను. ఈ పురుగుకు రెక్కలొచ్చాక అయ్యే చిలక ఆముదం ఆకంటే ఇష్టపడి అక్కడే గుడ్లు పెడుతుంది. పెద్ద ఆకు కాబట్టి కనిపెట్టడం తేలిక.

మిగిలింది గుడ్ల కుప్పలు. అవి ఆకు అడుగున ఉంటాయి, వంగి చూడాలి. సత్యవతికి నడుం నొప్పి. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే అప్పలనాయుడు వచ్చి, నా చేతిలో ఉన్న ఆకు అడుగుకు చెయ్యి వేశాడు. వేలితో మెల్లగా రాశాడు.

"ఇదా? బూజులాగ మెత్తగా తగుల్తన్నాది. ఇంకో మొక్కన నిన్న తగిలినాది నాకు. ఏటో అనుకున్నాను."

నన్ను చెయ్యి పట్టుకుని మూడో మొక్క దగ్గరకు తీసుకెళ్ళి, ముళ్ళు తప్పించుకుంటూ ఒక ఆకు తిప్పాడు. కళ్ళజోడు పెట్టుకుని నేను దాటేసిన కుప్ప అది. ఆరోజు నుంచి ఆ పని ఆయనదైంది. పొద్దున్నే ఎలాగూ మొక్కల్ని తడుముతాడు. ఇప్పుడు అడుగు భాగం కూడా తడిమి, దొరికిన ఆకు తుంచి కోడలికి ఇచ్చేవాడు. నెలన్నరకు అన్ని దుబ్బులూ ఎర్రటి చిగుళ్ళు వేశాయి.

కార్యాలయంలో చెప్పినప్పుడు

ఆ నెల సమావేశంలో ఈ సంగతి మొత్తం చెప్పాను. గొంతు సందేశం వినిపించాను. అప్పటి నా పై అధికారి నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. నన్ను పక్కకు పిలిచి, "ఏమీ జరగలేదు కదండీ, శాఖ పరువు తీసుకోవడం ఎందుకు?" అన్నాడు. చెడ్డవాడు కాదు. నన్ను కాపాడాలనే అన్నాడు. కానీ అది తప్పు మాట. ఏమీ జరగనప్పుడే చెప్పుకోవాలి. జరిగాక చెప్పుకోవడానికి ఎవరికీ నోరు రాదు.

ఫోటోలు చూడొద్దని మీకు చెప్పను. మీకు పది ఊళ్ళు ఉంటాయి, అన్నిటికీ వెళ్ళలేరు. ఫోటో వస్తే ఫోను చేయండి. ఆకు తిప్పి చూపించమనండి. ఆ పూలు ఏం చేస్తారో, పెరట్లో ఎవరు తిరుగుతారో, అక్కడ కోళ్ళో మేకలో ఏవైనా మేస్తాయో అడగండి. ఆ మూడు ప్రశ్నలకూ రెండు నిమిషాలు పడుతుంది. అప్పటికీ అనుమానంగా ఉంటే, రేపు వచ్చి చూస్తానని చెప్పండి. గులాబీ మొక్క ఒక్క రోజులో చావదు. ఆకులన్నీ పోయినా మళ్ళీ చిగురేస్తుంది. తొందర ఎప్పుడూ మనదే, మొక్కది కాదు.

పదవీ విరమణకు వారం ముందు ఆ కాలనీకి చివరిసారి వెళ్ళాను. అప్పలనాయుడు గులాబీల మధ్య ఉన్నాడు. సత్యవతి టీ ఇచ్చింది. ఏడాదిగా చెప్పాలనుకుంటున్న మాట అప్పుడు చెప్పాను.

"సత్యవతీ, ఆరోజు నువ్వు నా మాట విననందుకు నీకు దణ్ణం పెట్టాలి."

ఆమె కొంచెం నొచ్చుకున్నట్టు చూసింది.

"అదేటి మేడం, ఇన్నాను కదా. తవుడు, బెల్లం మీరు సెప్పిందే."